మా యింటికి వచ్చిన బెదురుకుక్క

లోకమున కుక్కను గూర్చి మంచిమాటలకంటె చెడ్డమాటలే మెండు. ఒకనిని నిందింపవలెనన్నచో వానిని కుక్కతో పోల్చుదుము. దాని తోక వంకరను సామెత చేసికొంటిమి. ఇంటికి కావలి కాయు జంతువు పేరునే తిట్టునకు వాడుకొనుట మనకే చెల్లినది. భారతమునందు మాత్రము కుక్కకు తక్కువ గౌరవము లేదు. మహాప్రస్థానమున ధర్మరాజును తుదివఱకు వెంబడించినది కుక్క. ఆదిపర్వమునందు జనమేజయుని యాగశాలకడ సరమ యను దేవశునకము కుమారుడు ఏ తప్పును చేయకయే దెబ్బలు తినెను. అప్పుడు తల్లి వచ్చి, నిరపరాధిని కొట్టినవారికి కనరాని భయము కలుగునని పలికెను. ఆమె వారికి దారిద్ర్యము కలుగునని చెప్పలేదు, రోగము కలుగునని చెప్పలేదు. భయము కలుగునని చెప్పెను. ఎచ్చటినుండి వచ్చునో తెలియని భయమునకు మించిన శిక్ష వేఱొకటి లేదని ఆ కథ వ్రాసిన పెద్దలకు తెలియును. అట్టి భయముతో మా యింటికి వచ్చిన యొక కుక్కను గూర్చియు, అది మా యింటిదగుటకు పట్టిన కాలమును గూర్చియు ఈ పత్రిక చదువువారికి కొంత చెప్పదలచితిని.

మన యుత్తరాంధ్ర పల్లెలలో కుక్క యొక్క యింటి సొత్తు గాదు, వీధి సొత్తు. ఏ యరుగుమీదనో పండుకొనును. ఏ యింటి గంజియో త్రాగును. వీధికంతకు కావలి కాయును. పుట్టినది మొదలు పదిమంది పాదములనడుమ పెరుగుటచే దానికి బెదురు తక్కువ. తోటకుక్క యట్లు గాదు. దానికి తెలిసినవి ఒక్క మనుష్యుడు, ఒక్క గుడిసె, చుట్టు నున్న చెట్లు. ఆ మూడును ఒక్కరాత్రిలో పోయినయెడల దాని బ్రతుకు ఏమగునో ఊహింపుడు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాసకు చేరువను తీరము దాటెను. తిత్లీ యనగా సీతాకోకచిలుక. పేరు సుకుమారమే గాని, గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములతో కూడిన ఉద్దానమును చూచినవారికి ఆ నష్టమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లతో పగలు సయితము నీడగానుండు ఆ సీమ ఒక్క రాత్రిలో ఎండబడినది. వరిచేను పోయినయెడల మఱుసటి యేడు పండును. కొబ్బరితోట పోయినయెడల తండ్రి నాటిన చెట్టు స్థానమున కుమారుడు మొక్క నాటి, అది కాపునకు వచ్చువఱకు ఏండ్లకొలది ఎదురు చూడవలెను.

ఆ దసరా సెలవులలో మా పట్టణమునుండి కొందఱము బియ్యము, దుప్పట్లు, కొవ్వొత్తులు తీసికొని యొక వ్యానులో ఉద్దానమునకు పోయితిమి. త్రోవపొడవున విద్యుత్తు స్తంభములు నేలవ్రాలి యుండెను. సముద్రమునకు చేరువనున్న యొక గ్రామమున, కూలిన జీడితోటలో, ఒక ముసలి కావలివాడు పడిపోయిన పనసచెట్టు మొద్దుమీద కూర్చుండియుండెను. వాని వెనుక, కూలిన గుడిసె తాటాకుల క్రింద, ఎఱ్ఱని బక్కచిక్కిన యాడుకుక్క యొకటి ముడుచుకొని యుండెను. దాని నొసట తెల్లని మచ్చ కలదు. తుపాను రాత్రి గుడిసె దానిమీదనే కూలెనని అతడు చెప్పెను. అతని కుమారుడు హైదరాబాదులో ఇండ్లు కట్టు కూలిపనిలో నుండెను. ముసలివానిని అచ్చటికి రమ్మనుచుండెను.

"బాబూ, మాకే నీడ నేదు, దీన్నెక్కడెట్టగలం? ఇది కరవదు, అరవదు. బయం దీనికి, అంతే. మీరట్టుకెలిపోండి" అని అతడు నన్ను వేడెను. మేము బియ్యము నిచ్చినప్పుడు అతడు చేతులు చాచి మౌనముగా తీసికొనెను. కుక్కను వ్యానులోనికి ఎక్కించునప్పుడు మాత్రము మొగము త్రిప్పుకొనెను. దాని పేరేమని యడిగితిని. "సుక్క" అని చెప్పెను. విజయనగరము చేరువఱకు ఆ కుక్క తల యెత్తలేదు.

ఇంటివద్ద నా పిల్లలిద్దఱును వీధితలుపుకడ కాచుకొనియుండిరి. కుక్క వచ్చిన వెంటనే తోక యాడించుచు తమమీద ఎగురునని వారి యాశ. అది వచ్చుటతోడనే వెనుక వసారాలో బియ్యపు గోనెల చాటునకు దూరి గోడకు మొగము పెట్టి పండుకొనెను. రెండు దినములు అన్నము ముట్టలేదు. మేము చూచుచుండగా నీరు త్రాగలేదు. మా చిన్నవాడు దాని ముందర బిస్కత్తులు పోసి, బ్రతిమాలి, తుదకు ఏడ్చెను. మా తల్లి "పరాయిచోట నోరులేని జీవము బెంగతో చచ్చిపోవునేమో, తిరిగి పంపివేయుము" అనెను. పంపుట కెచ్చట చోటున్నది? దానిని తెచ్చుట సులభము. దానిని బ్రతికించుకొనుట మా పని యాయెను.

మా వీధి చివర పశువైద్యశాలలో చిరకాలము కాంపౌండరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న వృద్ధుడొకడు కలడు. ఆయనను పిలిపించితిని. ఆయన వసారా గుమ్మముకడనే నిలిచి, కుక్కవైపు సూటిగ చూడక, ఓరకంట చూచి వెనుకకు వచ్చెను. "మాస్టారూ, దీనికి జబ్బేమీ లేదండి. బెదురే. మీరందరూ దాన్ని చూడ్డం మానేయండి. పిలవడం మానేయండి. చెయ్యి చాపడం మానేయండి. అన్నం పెట్టి, పక్కన కూచుని మీ పని మీరు చేసుకోండి. అదే వస్తుంది. ఎప్పుడొస్తుందో అడక్కండి" అని చెప్పెను. ఇంతకంటె చిన్నదియు ఇంతకంటె కష్టమైనదియు నగు వైద్యమును నేనెఱుగను. ప్రేమించు జీవిని చూడకుండుట పిల్లలకు ఎంత కష్టమో పిల్లలుగలవారికే తెలియును.

ఆ వృద్ధుని మాట యనుభవమువలన వచ్చినది. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన మనస్తత్త్వశాస్త్రమును ఆ రాత్రి జ్ఞప్తికి తెచ్చుకొనగా, శాస్త్రమును అదే మాట చెప్పుచున్నదని తోచెను. రష్యాదేశపు పవ్లోవు పండితుడు, ఆహారముతో జతపడిన చప్పుడు విన్నంతనే కుక్క నోట నీరూరునని చూపెను. మంచితో జతపడిన గుర్తు మంచిని, చెడుతో జతపడిన గుర్తు చెడును మనస్సునకు తెచ్చునని దాని సారము. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్సు అను విదుషి, మూడేండ్లయినను నిండని పీటరను బాలుని యందు ఈ సూత్రమును వైద్యముగా ప్రయోగించెను. ఆ బాలునకు కుందేలనిన హడలు. ఆమె వానికి ఇష్టమైన తిండి పెట్టుచు, అదే గదిలో దూరముగా పంజరమున కుందేలు నుంచెను. దినదినమును దానిని కొంచెము దగ్గఱకు జరిపెను. వాడు బెదరిన దినమున జరుపలేదు. తుదకు వాడు కుందేలును తాకనిచ్చెను, దానితో ఆడెను. తొందరపడియుండినచో వాడు కుందేలును ప్రేమించుటకు బదులు తిండినే అసహ్యించుకొనియుండును.

మఱియొక సంగతియు ఇచ్చట చెప్పవలసియున్నది. స్కాటు, ఫుల్లరను పండితులు కుక్కల నడవడినిగూర్చి 1965లో ప్రకటించిన గ్రంథమున, కుక్కపిల్ల వయస్సు మూడవ వారము మొదలు పండ్రెండవ వారమువఱకు గల కాలము మిక్కిలి ముఖ్యమైనదని నిరూపించిరి. ఆ దినములలో అది చూచిన మనుష్యులు, విన్న చప్పుళ్లు, తొక్కిన నేల దానికి సొంతవగును. ఆ కాలమున పదిమందిని చూడని కుక్క పెద్దదైన పిమ్మట క్రొత్తవారినందఱిని అనుమానించును. కావున తోటలో పెరిగిన సుక్క బెదురు దాని దుర్గుణము గాదు. తుపాను ఒక్కటే దానికి కారణమును గాదు. చదువని పాఠము పరీక్షలో వచ్చినట్లు, మా యిల్లు దానికి ఒక్కసారిగ వచ్చిపడెను. ఆ పాఠమును మొదటినుండి చెప్పవలసినవారము మేమే.

మఱునాటినుండి నేను వసారాలో చాప పఱచుకొని, కుక్కవైపు వీపు పెట్టి కూర్చుండి, విద్యార్థుల త్రైమాసిక పరీక్షాపత్రములు దిద్దుట మొదలుపెట్టితిని. నా ప్రక్కను మూరెడు దూరమున సత్తుగిన్నెలో అన్నము, దానిపై కాల్చిన యెండుచేప తునకలు. నిత్యమును అదే గిన్నె, అదే చోటు, అదే వేళ. ఇంటిలో నెవరును పరుగెత్తరాదనియు, తలుపులు దడాలున వేయరాదనియు, కుక్క మూలనుండగా దాని మూలలోనికి ఎవరును చేయి పెట్టరాదనియు కట్టడి చేసితిమి. భయపడిన కుక్కకు తప్పించుకొను త్రోవ వలయును. త్రోవ లేనప్పుడే సాధుకుక్క సయితము కఱచును.

మూడవరాత్రి నీళ్లగిన్నె కొంత తఱిగెను. అయిదవనాటి సాయంకాలము నేనొక జవాబుపత్రము త్రిప్పుచుండగా వెనుక నెండుచేప కఱకఱమన్న చప్పుడు వినవచ్చెను. నేను తల త్రిప్పలేదు. గుమ్మముకడ నిలిచి చూచుచున్న నా కుమార్తె నోరు రెండు చేతులతోను మూసికొని, వంటయింటిలోనికి పోయి తల్లితో చెప్పెను. ఆ పిల్లకు పరీక్షలో ప్రథమస్థానము వచ్చిననాడును అంత సంతోషము నేను చూడలేదు.

కుక్క మాటలాడదందురు, అది సరికాదు. చూడ నేర్చినవానికి అది నిత్యమును మాటలాడుచునే యుండును. తోక కాళ్లనడుమ పెట్టుట, చెవులు వెనుకకు వాల్చుట, కంటి తెల్లగ్రుడ్డు కనబఱచుట భయమునకు గుర్తులని యందఱెఱుగుదురు. నిద్ర రాకయే ఆవులించుట, తిండి లేకయే పెదవులు నాకుకొనుట, మొగము ప్రక్కకు త్రిప్పుకొనుట కూడ "నాకు కలతగానున్నది, కొంచెము దూరముగా నుండుము" అని చెప్పుటయే. ఎండ లేకయే రొప్పుటయు అంతే. ఆ మాటను మన్నించి వెనుకకు జరిగినవానిని కుక్క నమ్మును. మన్నింపనివానికి తుదకు పండ్లతో చెప్పును. మీదికి వంగి తల నిమురుట మనకు ముద్దు; బెదరిన కుక్కకు అది మీద పడుచున్న గుడిసె. కావున మా పిల్లలకు, ప్రక్కగా కూర్చుండి, అది తానై వచ్చి చేయి వాసనచూచిన పిమ్మటనే, మెడక్రింద గాని ఎదమీద గాని మెల్లగా తాకవలెనని నేర్పితిమి.

ఇక పేరు సంగతి. మా పిల్లలు దానిని "చుక్కా, చుక్కా" యని యెంత పిలిచినను చెవి కదలించెడిది కాదు. టైగరని పేరు మార్చుదమని మావాడు పట్టుపట్టెను. అది తన యూరినుండి తెచ్చుకొన్న సొత్తు ఆ పేరొక్కటే గావున దానిని తీసివేయరాదని చెప్పితిని. కావలివాని నోటి పలుకు జ్ఞప్తికి వచ్చి, "సుక్కా" యని మెల్లగా పిలిచి చూడుడంటిని. గోనెల చాటున నేలకు తోక రెండుమారులు కొట్టిన చప్పుడాయెను. "స" కారమునకు "చ" కారమునకు భేదము చూపక వ్రాయు బాలురను తరగతిలో దినమంతయు దిద్దువాడను, మా యింట మాత్రము అందఱిచేతను "సుక్క" యని పలికించితిని. వ్యాకరణము పుస్తకమున నుండవచ్చును. పిలుపు విను ప్రాణి చెవికి తగినట్లుండవలెను.

ఆ యేడు దీపావళి నవంబరు మొదటివారమున వచ్చెను. అప్పటికి సుక్క మా యింటికి వచ్చి నెలయైనను కాలేదు. మన చెవి సెకనునకు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. కుక్క చెవి నలుబదివేలకు పైబడిన ధ్వనిని కూడ వినును. మనకు వినోదమైన బాణసంచా దానికెట్లుండునో చెప్పనేల? ముందుగనే లోపలిగదిలో కిటికీలకు గోనెలు కట్టి, దాని చాపను నా పాత తువాలును అందుంచితిమి. నా భార్య తన కుట్టుపని తీసికొని గదిలో దానికి తోడు కూర్చుండెను. ఎనిమిది గంటలవేళ పండుగపలకరింపునకు వచ్చిన బంధువొకరు గదితలుపు తీసిరి. సరిగ ఆ నిమిషముననే ప్రక్కవీధి బాలుడొకడు సీమటపాకాయల దండ వెలిగించి మా పెరటిగోడ లోపలికి విసరెను. సుక్క తలుపుసందున దూరి, పెరడు దాటి, గోడ దూకి చీకటిలో కలిసిపోయెను.

పిల్లలు దివిటీలైట్లు పట్టుకొని వెదకుటకు పోదుమనిరి. కాంపౌండరు వారించెను. వెంటబడినయెడల అది మఱింత దూరము పరుగెత్తును. ఆ వైపున రైలుపట్టాలు కూడ కలవు. దాని చాపను, నా తువాలును, అన్నపుగిన్నెను పెరటిద్వారముకడ నుంచి, ద్వారము తెఱచి, దీపము తగ్గించి, మౌనముగా కూర్చుండుమని ఆయన చెప్పెను. కుక్క త్రోవను కంటితో గాక ముక్కుతో గుర్తించును గదా. ఆ రాత్రియు, మఱునాటి పగలును అది రాలేదు. రెండవరాత్రి నా భార్యయు నేనును వంతులవారీగా ద్వారముకడ కూర్చుంటిమి. మా చిన్నవాడు నిద్రపోక కిటికీనుండి చూచుచునే యుండెను. తెల్లవాఱుజామున మూడు గంటలకు, ఒడలెల్ల బురదతో, ఒక కాలు కుంటుచు సుక్క వచ్చి తువాలు వాసన చూచెను. ఎవరివైపును చూడక, నా మోకాలి ప్రక్కనుండి నడచి, వసారాలో తన బియ్యపు గోనెల చాటునకు పోయి పండుకొనెను. తలదాచుకొన పట్టణమంతయు నుండగా అది ఆ మూలను వెదకికొని వచ్చెను. ఆ మూల దానికి ఇల్లయినదని ఆనాడు మాకు తెలిసెను.

ఉదయమున ప్రక్కవీధి బాలుడు వచ్చి అరుగుక్రింద తల వంచుకొని నిలిచెను. "మాస్టారండీ, ఆ దండ నేనే ఇసిరినాను. కుక్కుందని నాకు తెల్దండి" అనెను. ఎవరును పట్టుకొనకయే వచ్చి చెప్పిన బాలుని దండించుట తగదు. నేను వానికి ఒక పని యిచ్చితిని. దినమును సాయంకాలము పదినిమిషములు వసారాలో కుక్కకు వీపు పెట్టి కూర్చుండి తన తెలుగుపాఠమును మెల్లని గొంతుతో చదువవలెను. తరగతిలో నోరు తెఱచుటకు సిగ్గుపడు బాలుడు వాడు. కుక్క నవ్వదు, తప్పులు పట్టదు. నెల తిరుగకమున్నే సుక్క వాని చొక్కాయంచు వాసన చూచెను. వాని చదువు కూడ తడబాటు తగ్గి సాగెను. మఱుసటి దీపావళినాడు మా పెరటిగోడ ప్రక్క ఎవరును టపాకాయ కాల్చకుండ కావలి కాచినవాడు వాడే.

కాలుదెబ్బ మానిన పిమ్మట సుక్కను పశువైద్యశాలకు తీసికొనిపోయి పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించితిమి. వీధికుక్కనైనను పెంపుడుకుక్కనైనను ప్రేమించువారు ఈ సంగతి మఱువరాదు. పిల్లకు మూడవనెలలో టీకా వేయించి, ఏటేట మరల వేయించుచుండవలెను. ఏ కుక్క కఱచినను, గోరు గీఱినను, గాయమును వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. పసుపు, కారము, సున్నము పూయుట, మంత్రము వేయించుట ప్రాణాపాయము. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరు పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునకు తన టీకా వేయించి బ్రతికించెను. మన దక్షిణదేశమున 1907లో కూనూరునందు ఆయన పేర సంస్థ వెలసెను. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులను భయముతో నేటికిని కొందఱు పిల్లలు కుక్కకాటును తల్లిదండ్రులకు చెప్పక దాచుదురు. ఆ పాతమందు మన దేశమున నిలిచిపోయి ఇరువదియేండ్లు దాటినది. ఇప్పుడు చేతికి వేయు కొలది సూదులే చాలును. ఈ వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట ఇంచుమించు ఎవరును బ్రతుకరు. కనబడకముందు టీకా వేయించుకొన్నవారు బ్రతుకుదురు. కావున దాచవలదు.

ఆపై నెలలు మెల్లగా గడచెను. మా యిల్లు పాఠశాల ప్రాంగణమునకు ప్రక్కనే యుండుటచే, సాయంకాలపు కడపటి గంట మా వసారాకు వినబడును. గంట మ్రోగిన కొలది నిమిషములకు నేను ఇల్లు చేరుదును. చేరగనే సుక్కకు అన్నము పెట్టుదును. సంక్రాంతి నాటికి గంట మ్రోగుటతోడనే అది గోనెల చాటునుండి లేచి పెరటిద్వారమువఱకు వచ్చి నిలుచుట నా భార్య కనిపెట్టెను. టపాకాయ చప్పుడుతో భయము నేర్చిన చెవియే గంట చప్పుడుతో ఆశను నేర్చెను. పవ్లోవు చెప్పినదానిని తరగతిలో నల్లబల్లమీద వ్రాసి చూపుటకంటె ఈ కుక్కను చూపుట మేలని, ఆ యేడు పదవతరగతివారిని అయిదుగురి చొప్పున మా పెరటిద్వారమునకు తీసికొని వచ్చి దూరమునుండి చూపితిని.

సుక్క ఇతర కుక్కలవలె ఆయెనా యని మీరడుగవచ్చును. కాలేదు. నేటికిని క్రొత్తవారు వచ్చినయెడల అది వసారాకు పోవును. పైడితల్లి సిరిమానుత్సవమునకు ఊరంతయు డప్పులతో మ్రోగు దినమున దానిని లోపలిగదిలోనే యుంచుదుము. బెదురును వేరుతో పెఱికివేయుట అన్నివేళల సాధ్యము గాదు. బెదరినప్పుడు ఎవరికడకు పోవలెనో తెలియుట సాధ్యము. 2021 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి గులాబు తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా తీరము దాటెను. మా పట్టణమున విద్యుత్తు పోయి, గాలి పెంకులను ఊపివేయుచుండెను. గాలి హోరు విన్నంతనే సుక్క గోనెల చాటునకు దూరునని మేమందఱము తలచితిమి. అది వసారానుండి లేచి, చీకటిలో గదులు దాటి వచ్చి, నేను పండుకొన్న నులకమంచముకడ నిలిచి, తన వణకు దేహమును నా చేతికి ఆనించెను. తెల్లవాఱువఱకు ఆ చేయి నేను తీయలేదు. మూడేండ్ల క్రిందట ఒక తుపాను రాత్రి దానికి మనుష్యుని నీడయు గుడిసె నీడయు రెండును పోయెను. ఈ తుపాను రాత్రి అది తానై మనుష్యుని వెదకికొని వచ్చెను.

విద్యార్థులారా, ప్రతి సంవత్సరము జూను మాసమున మన పాఠశాలకు క్రొత్తవారు వచ్చుచుందురు. కొందఱు ఉద్దానమునుండి, కొందఱు పార్వతీపురము కొండలనుండి, కొందఱు పనులకై వలసపోయిన తల్లిదండ్రులను విడిచి వసతిగృహమునకు వచ్చుదురు. వారిలో మాటలాడనివారుందురు, అన్నము సరిగ తిననివారుందురు, పలుకు వేఱుగా నున్నదని పేరు పిలిచినను పలుకనివారుందురు. వారిని మొద్దులని, పిరికిపందలని పిలువకుడు. చుట్టు మూగి ప్రశ్నలు వేయకుడు. వారు తెచ్చుకొన్న పేరును, పలుకును పరిహసింపకుడు. ప్రక్కను కూర్చుండి మీ పాఠము మీరు చదువుకొనుడు. మీ ఫలహారములో కొంత వారికి చేరువగా పెట్టుడు. మఱునాడును అట్లే చేయుడు.

తల్లిదండ్రులకును నా మనవి యొక్కటియే. మీ పిల్లలు వీధినుండి కుక్కపిల్లను తెచ్చినప్పుడు కసరి పంపివేయుటకు ముందు, దానిని పెంచుట పది పండ్రెండేండ్ల బాధ్యత యని వారితో కూర్చుండి చెప్పుడు. ఏటేట టీకాకును, నిత్యమును అన్నమునకును, పండుగనాడు తోడునకును ఎవరు పూచీపడుదురో అడుగుడు. వారు పూచీపడిన పక్షమున ఉంచుడు. ఓర్పును పుస్తకములో చదివి నేర్చినవారు తక్కువ. తనను నమ్మని యొక ప్రాణికి దినదినము అన్నము పెట్టి ఎదురుచూచినవారు దానిని తప్పక నేర్తురు.